గట్టుకు ఆనుకున్న తోట గదిలో చెమ్మ: రంగు డబ్బా పక్కన పెట్టి ముందు పార పట్టండి

మీ గది సంగతి నాకు అర్థమైనంత వరకు ఇదండీ. చిత్తూరు వైపు గరుగు నేల, వాలు మీద మామిడి తోట. పనిముట్లు, ఎరువుల బస్తాలు, డ్రిప్ సామాను పెట్టుకోవడానికి 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో గది కట్టారు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, పైన రేకులు. వాలును చెక్కి చదును చేసి కట్టడంతో వెనక వైపు మట్టి లోపలి గచ్చు కంటే రెండున్నర అడుగుల ఎత్తులో, గోడకు ఆనుకునే ఉంది. వానలకు వెనక గోడ మూడడుగుల దాకా నానుతోంది. ప్లాస్టరింగ్ పెచ్చులు రాలుతోంది, తెల్లగా ఉప్పు పూస్తోంది, యూరియా గడ్డ కడుతోంది. పోయినేడు లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయిస్తే ఆరు నెలలకే బొబ్బలెక్కి ఊడిపోయింది. ఈసారి ఏ కంపెనీది వేయించాలి అని అడిగారు.

ఏ కంపెనీదీ వేయించకండి. కనీసం ఈ ఏడు వద్దు. ఆ పెయింట్ మంచిదే అయ్యుండొచ్చు, వేసిన వైపే తప్పు. వాన పడ్డప్పుడు గోడ వెనక మట్టి నీళ్లతో నిండుతుంది. ఆ నీటికి పక్కకు పోయే దారి లేక గోడ మీద ఒత్తుతుంది. రెండున్నర అడుగుల ఎత్తున నీరు నిలిస్తే అడుగు భాగంలో చదరపు అడుగుకు దాదాపు 70 కిలోల ఒత్తిడి. లోపలి వైపు వేసిన రంగు పొర గోడకు అంటుకుని ఉండేది కేవలం జిగురు బలం మీద. దాన్ని వెనక నుంచి నీరు తోస్తుంటుంది. దానికి తోడు నీటిలో కరిగి వచ్చిన ఉప్పు ఆ పొర వెనకే గడ్డకట్టి, పొరను పైకి లేపేస్తుంది. మీరు చూసిన బొబ్బలు అవే. గీరి చూడండి, లోపల తెల్లటి పొడి కనిపిస్తుంది.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంటి బేస్‌మట్టం చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. మీ గది వెనక వైపు దానికి పూర్తిగా తలకిందులు, 75 సెంటీమీటర్లు పల్లంలో ఉంది. కాబట్టి చేయాల్సింది గోడకు మందు పూయడం కాదు, గోడ దాకా నీరు రాకుండా చూడడం; వచ్చిన నీటికి కిందికి పోయే దారి చూపడం.

ముందు ఆ నీరు ఎక్కడిదో తేల్చుకోండి

తోట గదులకు నీరు నాలుగు దారుల్లో వస్తుంది: వెనక మట్టిలోంచి అడ్డంగా, పునాది కింద నుంచి పైకి, చూరు నీళ్లు చిమ్మి, గాలిలో తేమ చల్లటి రేకు మీదో గోడ మీదో చేరి. వీటిలో ఏది ఎంతో తెలియకుండా డబ్బు పెట్టకూడదు.

అరడుగు చదరపు అల్యూమినియం ఫాయిల్ ముక్కలు మూడు తీసుకోండి. వంటింట్లో వాడేదే చాలు. వెనక గోడకు అడుగు ఎత్తులో ఒకటి, ఐదడుగుల ఎత్తులో ఒకటి, ముందు గోడకు అడుగు ఎత్తులో ఒకటి పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అంటించండి. టేపు అంటుకోవాలంటే ఆ చోట ఊడిన రంగు గీకి ఉండాలి. రెండు రోజుల తర్వాత చూడండి. ఫాయిల్ వెనక, అంటే గోడ వైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు తడి ఉంటే అది గాలిలోది. వెనక గోడ అడుగున మాత్రమే తడి ఉండి ముందు గోడ పొడిగా ఉంటే మట్టి వైపు నుంచి వచ్చేదే ప్రధానం. ముందు గోడ అడుగున కూడా తడి ఉంటే పునాదిలోంచి కూడా ఎక్కుతోందన్నమాట.

ఇంకో పరీక్ష పైసా ఖర్చు లేనిది. ఏప్రిల్, మే నెలల్లో గోడ ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. ఎండాకాలంలో కూడా తడి తగ్గకపోతే అది వాన నీరు కాదు. గదికి పైన ఉన్న డ్రిప్ మెయిన్ పైపు జాయింటో, గేట్ వాల్వో, నీళ్ల తొట్టో, పాండ్ కట్టో కారుతోంది. పది రోజులు ఆ లైను వాల్వు కట్టేసి చూడండి. ఈ ఒక్క పని చేయకుండా గోడ వెనకంతా తవ్వించి, ఆఖరికి 63 ఎం.ఎం. పైపు జాయింటు దగ్గర తేలిన కేసులు తోటల్లో తక్కువేమీ కాదు. గదికి ఎగువన పది పదిహేను అడుగుల లోపు మామిడి చెట్టు పాదు ఉంటే, దానికి పెట్టే నీళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

మూడోది, గోడ పక్కన రెండడుగుల పొడవున ఒక గుంత తవ్వి పునాది ఎంత లోతు దాకా ఉందో చూడండి. చిన్న గదులకు చాలాచోట్ల గచ్చు మట్టం నుంచి అడుగున్నర, రెండడుగులకే పునాది ఆపేస్తారు. కింద చెప్పబోయే తవ్వకమంతా ఆ పునాది అడుగు మట్టం కంటే పైనే ఆగాలి. ఇది తెలియకుండా పార వేయొద్దు.

ఎగువ నుంచి మొదలుపెట్టండి

గది వెనక పావు ఎకరం వాలు ఉందనుకుందాం. అంటే సుమారు 1,012 చదరపు మీటర్లు. వాయుగుండం వానలో గంటకు 50 మిల్లీమీటర్లు పడితే ఆ పావు ఎకరం మీద 50 వేల లీటర్లు దిగినట్టు. సగం ఇంకినా 25 వేల లీటర్లు గది వైపే జారి వస్తాయి. దాన్ని గోడ దగ్గర ఆపాలనుకోవడం పిచ్చి పని. పది పదిహేను అడుగుల ఎగువనే పక్కకు తిప్పేయాలి.

మళ్లింపు కాలువ ఒకటిన్నర అడుగుల వెడల్పు, అడుగు లోతు చాలు. గది పొడవు కంటే రెండు వైపులా కనీసం ఆరేసి అడుగులు ఎక్కువ పోవాలి. తవ్విన మట్టిని దిగువ వైపు, అంటే గది వైపు కట్టగా వేసి తొక్కించండి. ఎగువ వైపు వేస్తే నీరు కాలువలోకి దిగకుండా ఆ కట్టే అడ్డం పడుతుంది, కట్ట తెగినచోట ఒక్కసారిగా మీద పడుతుంది. వాలు వంద అడుగులకు ఆరంగుళాల నుంచి అడుగు వరకు. అంతకు మించితే గరుగు నేల కోసుకుపోతుంది, తగ్గితే నీరు నిలిచి గది వైపే ఇంకుతుంది. కంటితో చూసి వాలు చెప్పకండి. వాలు నేల మీద కన్ను మోసం చేస్తుంది. మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల లెవెల్ ట్యూబుతో పదేసి అడుగులకు ఒక మేకు కొట్టుకుంటూ పోండి. కాలువ గర్భంలో గరిక పట్టించండి, సిమెంటు అక్కర్లేదు.

ఇది ఒక రోజు పని, ఇద్దరు మనుషులు. మిగతా ఏ పనీ ఈ ఏడు కుదరకపోయినా ఇది మాత్రం వానలకు ముందు చేసేయండి.

చూరు సంగతి కూడా ఇక్కడే. మీ రేకుల వాలు వెనక్కి ఉంటే కప్పు మీద పడ్డ ప్రతి చుక్కా ఆ గోడకూ గట్టుకూ మధ్య సందులోకే పోతోంది. చూరుతో కలిపి 300 చదరపు అడుగుల కప్పు అనుకుంటే 50 మిల్లీమీటర్ల వానకు 1,400 లీటర్లు. రేకులు మార్చే రోజు వచ్చినప్పుడు వాలు ముందుకు తిప్పించుకోండి. అప్పటిదాకా వెనక చూరుకు ఆరంగుళాల గట్టర్ కట్టించి, 20 అడుగులకు రెండంగుళాల వాలు ఇచ్చి, నాలుగంగుళాల పైపుతో గది దిగువకు దింపండి. ఆ పైపును కింద చెప్పబోయే చిల్లుల పైపుకు మాత్రం కలపొద్దు. చాలామంది మేస్త్రీలు పైపు ఆదా అని కలిపేస్తారు. కప్పు నీళ్లు ఆకులూ దుమ్మూ తెచ్చి చిల్లుల్ని పూడుస్తాయి. పెద్ద వానకు పైపు నిండితే నీళ్లు చిల్లుల్లోంచి బయటికొచ్చి గోడ పునాదినే తడుపుతాయి.

గోడను మట్టి నుంచి విడదీయడం

అసలు మందు ఇదే. వెనక స్థలం మీదే అయి, సరిహద్దు కనీసం ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంటే వేరే ఆలోచన పెట్టుకోకండి. గోడకు ఆనుకున్న మట్టి మొత్తం తీసేసి, గోడకూ గట్టుకూ మధ్య మూడడుగుల ఖాళీ వదిలి, గట్టును వేరే రాతి గోడతో నిలబెట్టండి. గాలీ ఎండా తగిలే గోడకు ఏ కెమికలూ అక్కర్లేదు. మూడడుగులు ఎందుకంటే మనిషి పార పట్టుకుని లోపలికి పోయి శుభ్రం చేయగలగాలి. అడుగు సందు వదిలితే రెండేళ్లలో ఆకులతో నిండి మళ్లీ మొదటికొస్తుంది, పాములకు కాపురం కూడా.

గది పొడవు 20, రెండు చివర్లా మూడేసి అడుగులు కలిపి 26 అడుగుల పొడవున పని. ఖాళీ 3 అడుగులు, రాతి గోడ పునాది వెడల్పు రెండుంపావు అడుగులు, దాని వెనక కంకరకు ఒక అడుగు. తవ్వే వెడల్పు ఆరుంపావు అవుతుంది. మూడడుగుల లోతు, రాతి గోడ పునాదికి ఇంకో అడుగు కలిపితే సుమారు 550 ఘనపుటడుగుల మట్టి. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి ఎత్తిపోయడానికి ఏడు ట్రాక్టర్ల లెక్కన అనుకోండి. ఆ మట్టిని గది దిగువ వైపు పోసి నీటి దారికి అడ్డం కట్టకండి. చెట్ల మొదళ్ల మీద కూడా పోయొద్దు, మామిడి వేరుకు ఊపిరాడదు.

రాతి గోడ: పునాది అడుగు లోతు, రెండుంపావు అడుగుల వెడల్పు. పైన మూడడుగుల ఎత్తు, అడుగున రెండు అడుగులు, పైన ఒకటింపావు. ముందు ముఖాన్ని కొంచెం గట్టు వైపు వాల్చి కట్టించండి. రాయి రెండు యూనిట్లు (యూనిట్ అంటే మన దగ్గర 100 ఘనపుటడుగులు) తెప్పిస్తే సరిపోతుంది. సిమెంటు లేకుండా పేర్చే రాతి గట్టు కట్టగల పనివాడు దొరికితే అదే మేలు. నీరు రాళ్ల సందుల్లోంచి దానంతటదే వస్తుంది. సిమెంటుతో కట్టిస్తే మాత్రం నీరు దిగే గొట్టాలు తప్పనిసరి: మూడంగుళాల పీవీసీ ముక్కలు, ఐదడుగులకొకటి, కింది వరస నేలకు అరడుగు పైన, ముందుకు కొంచెం వాలుగా. గొట్టం వెనక చివర చుట్టూ తట్టెడు 40 ఎం.ఎం. కంకర, ఆ కంకర వెనక జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ). గొట్టాలు పెట్టి వెనక మట్టే పూడ్చేసే పనివాళ్లే ఎక్కువ. ఆ గొట్టాల్లోంచి చుక్క రాదు, ఒకనాడు గోడే ముందుకు వస్తుంది. మీ గట్టు మూడడుగులే కాబట్టి ఈ కొలతలు చాలు. నాలుగైదు అడుగులు దాటినా, గట్టు మీద ట్రాక్టరు తిరిగే బాట ఉన్నా, నల్లరేగడి అయినా ఇంజనీరుతో లెక్క వేయించాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బి గోడను తోస్తుంది, దానికి ఈ కొలతలు పనికిరావు.

మధ్య ఖాళీలో నేల మట్టం లోపలి గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు కిందికి ఉండాలి. నాలుగంగుళాల మందాన 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు వేసి, వాలు గది గోడ నుంచి రాతి గోడ వైపుకు ఒక అంగుళం ఇవ్వండి. రాతి గోడ మొదట్లో చిన్న కాలువ. అది మధ్య నుంచి రెండు పక్కలకూ వంద అడుగులకు అడుగు చొప్పున వాలుతో దిగువకు పోవాలి.

తవ్వడంలో జాగ్రత్తలు చెప్పాలి, ఇక్కడే గదులు కూలేది. ఏళ్ల తరబడి మట్టికి అలవాటు పడిన గోడ అది. జేసీబీని గోడకు ఐదడుగుల లోపు రానివ్వకండి. బకెట్ తగలడం అటుంచి, బండి బరువే మట్టి ద్వారా గోడను లోపలికి తోస్తుంది. గోడ పక్కన ఆఖరి ఒకటిన్నర అడుగు గడ్డపారతో, మనుషులతోనే. పునాది అడుగు దాకా పోయే పరిస్థితి వస్తే ఐదేసి అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వండి. గట్టు ముఖాన్ని నిట్టనిలువుగా కోసి రాత్రంతా వదిలేయొద్దు. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. లోపల వెనక గోడకు ఆనించిన బస్తాలూ బరువులూ ముందే తీసేయండి.

స్థలం లేకపోతే

సరిహద్దు నాలుగైదు అడుగులకే వస్తే పై పద్ధతి కుదరదు. అప్పుడు గోడ వెంబడి కంకర కాలువే గతి. ఇది రెండో మెట్టు పరిష్కారం, కానీ సరిగ్గా చేస్తే బాగానే నిలుస్తుంది. సరిగ్గా చేసేవాళ్లే తక్కువ.

వెనక 24 అడుగులు, రెండు పక్కలా 12 అడుగుల చొప్పున తవ్వాలి. వెనక వెడల్పు రెండడుగులు ఉంటేనే మనిషి దిగి గోడకు పూత వేయగలడు. లోతు ఎంతన్నదే అందరూ తప్పు చేసే చోటు. పైపు అడుగు భాగం లోపలి గచ్చు పై మట్టం కంటే తొమ్మిది అంగుళాలు కింద ఉండాలి. మీ గదికి వెనక నేల నుంచి మూడుంపావు నుంచి మూడున్నర అడుగుల లోతు అవుతుంది. రెండడుగులు తవ్వి పైపు వేస్తే నీరు పైపు కిందినుంచి గచ్చులోకి నడుస్తుంది, పైపు మాత్రం ఎప్పటికీ పొడిగానే ఉంటుంది. ఎత్తైన చోటు వెనక గోడ మధ్యలో పెట్టుకుని రెండు వైపులకూ దించండి. మధ్య నుంచి మూల తిరిగి చివరిదాకా 24 అడుగులు, మూడంగుళాల వాలు.

తవ్వాక గోడ బయటి ముఖాన్ని వైరు బ్రష్‌తో రుద్ది, అతుకులు అరంగుళం లోతు గీకి, 1:4 సిమెంటు ఇసుకతో అర అంగుళం పూత వేయించండి. అందులో వాటర్‌ప్రూఫ్ ద్రవం బస్తాకు 200 మిల్లీలీటర్లు కలపడం మామూలు, అయినా డబ్బా మీది మోతాదే పాటించండి. వారం రోజులు తడిపి, ఆరాక, సిమెంటు పొడీ పాలిమర్ ద్రవమూ కలిపే రెండు భాగాల పూత రెండు కోట్లు, ఒకదానికొకటి అడ్డంగా. వాటర్‌ప్రూఫింగ్‌కు డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే, నీరు వచ్చే వైపు. ఇక్కడ నీరు పొరను గోడకే అదుముతుంది, ఊడదీయదు. పూత పునాది భుజం (గోడ కంటే పునాది వెడల్పుగా బయటికి వచ్చే చోటు) నుంచి పైనేల కంటే అరడుగు ఎత్తు దాకా రావాలి. కంకర గుచ్చుకోకుండా పూత మీద బుడిపెల ప్లాస్టిక్ షీటో, థర్మోకోల్ షీటో ఆనించాలి.

గుంత అడుగునా పక్కలా జియోటెక్స్‌టైల్ పరవండి, నేసినది కాదు, నొక్కిన రకం, చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాములది. 50 చదరపు మీటర్లు తెస్తే అన్ని వైపులకూ వస్తుంది. దాని మీద రెండంగుళాల 20 ఎం.ఎం. కంకర, దాని మీద నాలుగంగుళాల పీవీసీ పైపు. 20 అడుగుల పొడవులు మూడు. పైపుకు 8 నుంచి 10 ఎం.ఎం. చిల్లులు రెండు వరసలు, నాలుగంగుళాలకొకటి. చిల్లులు కిందికి ఉండాలి, గడియారంలో 4, 8 అంకెలు ఉండే చోట. పైకి పెడితే పైపు సగం పైన నిండితే తప్ప నీరు లోపలికి రాదని ఎంత చెప్పినా పైకే పెట్టేవాళ్లు ఉంటారు, దగ్గర నిలబడి చూసుకోండి. మూలల్లో నిలువుగా ఒక్కో పైపు ముక్క పైకి లేపి మూత పెట్టండి. రేపు పూడితే కడ్డీ తోసేందుకు అదే దారి.

ఆపైన కంకర, మొత్తం రెండు యూనిట్లు. డస్టు కలిసిన కంకర తీసుకోవద్దు, కడిగినట్టు ఉండాలి. పై నుంచి అరడుగు మిగిలాక గుడ్డను మీదికి మడిచి కప్పేయండి. గుడ్డను పైపుకు మాత్రమే చుట్టి వదిలేస్తే మట్టి కంకర సందుల్లోకి చేరుతుంది. కొన్ని వానాకాలాలకే అది కంకర కాలువ కాస్తా మట్టి కాలువ అవుతుంది. పై అరడుగులో బంకమట్టి గట్టిగా తొక్కించి, గోడ నుంచి బయటికి వాలు ఇచ్చి, మూడడుగుల దూరంలో లోతు లేని పిల్ల కాలువ తీయండి. ఎగువ నుంచి నేల మీద పారే నీరు కంకరలోకి దిగకూడదు. కంకర ఉన్నది మట్టిలో ఊరే నీటి కోసం.

పైపు చివర గది దిగువన వెలుతురులోకి రావాలి. ఎలుకలు దూరకుండా జాలీ, కింద నాలుగు రాళ్లు. దిగువకు దారి లేదని ఇంకుడు గుంతలో కలిపేవాళ్లున్నారు. గది కంటే పల్లంలో, కనీసం పదిహేను ఇరవై అడుగుల దూరంలో ఉంటే గరుగు నేలలో పరవాలేదు. బంకనేలలో అసలు వానప్పుడే గుంత నిండి నీరు వెనక్కి తన్నుతుంది.

గోడలోకి రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కించే పద్ధతి గురించి కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు. అది పునాదిలోంచి పైకి ఎక్కే చెమ్మకు మందు. మట్టి ఆ రంధ్రాల వరస కంటే ఎత్తులో ఆని ఉన్నంతకాలం నీరు దాని పైనుంచి అడ్డంగా వస్తుంది. వెనక మట్టి తీశాక, ముందు గోడ కూడా తడుస్తోందని ఫాయిల్ పరీక్షలో తేలితే అప్పుడు ఆలోచించండి.

లోపలి పని, తొందర లేకుండా

బయట పని అయ్యాక లోపల తడి ఉన్న గీత కంటే ఒకటిన్నర అడుగు పైదాకా ప్లాస్టరింగ్ మొత్తం కొట్టేయించండి. అతుకుల్లో ముప్పావు అంగుళం లోతు గీకాలి. ఇటుక మీది ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయండి. నీళ్లతో కడగొద్దు, కడిగితే అదే ఉప్పు మళ్లీ ఇటుకలోకి పోతుంది. వారానికోసారి దులపండి, ఉప్పు పూయడం తగ్గుతూ రావడం కనిపిస్తుంది.

ఆ తర్వాత ఓపిక కావాలి. నానిన గోడ అంగుళం మందానికి నెల చొప్పున ఆరుతుందని పాత లెక్క. మన ఎండలకు, రెండు వైపులా గాలి తగిలితే అంతకన్నా త్వరగానే ఆరుతుంది, అయినా పదిహేను రోజుల్లో మాత్రం కాదు. అందుకే తవ్వకం జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్, మే ఎండలు గోడకు వదిలేసి, లోపలి పూత మే చివర చేయించండి. మీ వైపు గోడను అసలు నానబెట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానలు కాబట్టి ఇంకో రెండు నెలలు ఆగినా నష్టం లేదు. తెలంగాణలో, ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు, జూన్‌లోపే ముగించాలి.

పూత గట్టి సిమెంటుతో వద్దు. సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. గోడలో మిగిలిన చెమ్మ దీనిలోంచి బయటికి పోగలదు. 1:3 సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మకు దారి లేక మూడడుగుల దగ్గర ఉన్న గీత నాలుగున్నరకు ఎక్కుతుంది. పైన రంగు అంటే సున్నమే. ఆయిల్ పెయింటూ, ప్లాస్టిక్ ఎమల్షనూ ఈ గదికి ఎందుకు చెప్పండి? కలపడానికి ఉప్పు బోరు నీళ్లు వాడకండి, గోడకు మనమే ఉప్పు పెట్టినట్టవుతుంది.

గచ్చు కూడా చెమర్చుతోందంటే పగలగొట్టాల్సిందే. ఆరంగుళాల కంకర పరుపు, రెండంగుళాల ఇసుక, దాని మీద 1000 గేజి పాలిథిన్ షీటు. అతుకుల దగ్గర అడుగు ఒకదాని మీద ఒకటి, అంచులు గోడల మీదికి కొత్త గచ్చు మందం కంటే ఎత్తుగా. దాని మీద నాలుగంగుళాల 1:2:4 కాంక్రీటు. మీ గదికి గోడల మందం తీస్తే లోపల సుమారు 195 చదరపు అడుగులు వస్తుంది, అంటే 65 ఘనపుటడుగుల కాంక్రీటు, 12 బస్తాల సిమెంటు. చువ్వల చివరలు, చెప్పుల మేకులు షీటుకు చిల్లులు పెట్టకుండా చూసుకోండి. గచ్చునే రెండడుగులు ఎత్తు చేసేస్తే పోదా అని కొందరికి అనిపిస్తుంది. పైకప్పు ఎత్తు ఉంటే గచ్చు వరకు బాగుపడుతుంది, వెనక గోడ మాత్రం అలాగే నానుతూ ఉంటుంది.

ఇక యూరియా. గాలిలో తేమ 73 శాతం దాటితే, 30 డిగ్రీల వేడి దగ్గర, యూరియా గాలి నుంచే నీరు పీల్చుకుంటుంది. డీఏపీకి, పొటాష్‌కు ఆ హద్దు 80 శాతం పైన. అంటే వానాకాలంలో గోడ ఎంత పొడిగా ఉన్నా విప్పిన యూరియా బస్తా గడ్డ కట్టడం ఖాయం, ఆ నింద గోడ మీద వేయకండి. మూతి బిగించి, లోపలి పాలిథిన్ సంచి చిరగకుండా, నేలకు ఆరేడు అంగుళాల ఎత్తున చెక్కల మీద, గోడకు ఒకటిన్నర అడుగు ఎడంగా పేర్చండి. సిమెంటు బస్తాలకూ ఇదే కొలత. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఎరువు గోడకు ఆని కారితే నైట్రేట్ ఉప్పు ఇటుకలోకి దిగుతుంది. ఆ ఉప్పు గాలిలో తేమ లాగుతూనే ఉంటుంది. వెనక నీరు పూర్తిగా ఆగిపోయినా మబ్బు పట్టిన రోజు గోడ మీద నల్లటి తడి మచ్చలు మళ్లీ కనిపిస్తాయి. అలాంటి ఇటుకలు ఎన్నో ఉండవు, తీసి కొత్తవి పెట్టించడమే సుఖం.

గాలి ఆడడానికి ఎదురెదురు గోడల్లో, ఒక వైపు గచ్చుకు అడుగు పైన, రెండో వైపు రేకుల కిందుగా, అడుగు చదరపు జాలీలు రెండేసి పెట్టించండి. చలికాలం తెల్లవారుజామున రేకు నుంచి చినుకులు రాలడం దీనితో తగ్గుతుంది. అది రేకు కారడం కాదు, లోపలి తేమే. మోటారు స్టార్టరు బోర్డు ఇప్పుడు వెనక గోడ మీద ఉంటే ఈ పనిలోనే ముందు గోడకు మార్పించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) పెట్టించేయండి. తడి గోడ మీది బోర్డు ముట్టుకునేవాడి ప్రాణానికే ముప్పు.

పనంతా అయ్యాక మొదటి పెద్ద వానకు గొడుగు వేసుకుని పోయి గది చుట్టూ ఒకసారి తిరగండి. మళ్లింపు కాలువ ఎక్కడ పొర్లుతోందో, పైపు నోటి నుంచి నీరు వస్తోందో లేదో అప్పుడే తెలుస్తుంది. వాన వెలిసిన కొన్ని గంటల తర్వాత కూడా పైపు నుంచి సన్నటి ధార వస్తుంటే అది సరిగ్గా పనిచేస్తున్నట్టే. ఒకవేళ ఏమీ రాకుండా గోడ తడిగా ఉంటే మూలల్లో పెట్టిన నిలువు పైపు మూత తీసి బకెట్టు నీళ్లు పోయండి. అవి దిగువన ఎంతసేపటికి వచ్చాయో, అసలు వచ్చాయో లేదో ఇక్కడే రాయండి, ఎక్కడ పూడిందో దాన్నిబట్టి చెప్పొచ్చు.